రేడియేటరు దగ్గర కాచిన డప్పు

మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వారానికి మూడుసార్లు ఎడిసన్‌లో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు వెళుతున్నాను. అక్కడి అమ్మాయి తెలుగువాళ్ల పిల్లే, ఇక్కడే పుట్టింది. నా మోకాలి కింద దిండు పెట్టి, చీలమండకు ఇసుక సంచి కట్టి, కాలు ఎత్తి పది లెక్కపెట్టమని చెప్పి ఇంకో పేషెంటు దగ్గరకు వెళ్లిపోతుంది. సీలింగులో ఎక్కడో దాచిన స్పీకరులోంచి ఏవేవో పాటలు వస్తూనే ఉంటాయి, ఎవరూ వినరు, నేనూ వినేదాన్ని కాదు. మొన్న బుధవారం మాత్రం నాలుగు దాకా లెక్కపెట్టి ఆగిపోయాను. ఒక ఫిడేలు, పిల్లనగ్రోవి లాంటిది మరొకటి, వాటి కింద మెత్తగా పరుగెత్తుతున్న ఒక తోలు వాయిద్యం. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ పిల్ల గబగబా వచ్చి, “ఆంటీ, పెయిన్ వస్తుందా? స్టాప్ చేద్దామా?” అని అడిగింది. నొప్పి కాదమ్మా అన్నాను గాని, మరి కళ్లలో ఆ నీళ్లేమిటో చెప్పలేకపోయాను. ఆ పాట పేరు నాకు తెలియదు. దాన్ని మొదటిసారి విన్నానో, ముందెప్పుడో విన్నానో కూడా చెప్పలేను, ఆ రకం సంగీతమంతా నా చెవికి ఇప్పటికీ ఒకేలా వినిపిస్తుంది. ఇంటికి వచ్చాక కూడా మనసు నిలవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అది ఎనభైల మొదట్లో మాట. నేను జెర్సీ సిటీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరి మూడేళ్లయింది. నాలాగా కోస్తా జిల్లాల మిషన్ ఆసుపత్రుల్లో చదువుకుని వచ్చినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. ముందు మనం వస్తాం, కాగితాలన్నీ ఒక కొలిక్కి వచ్చాక ఏ ఏడాదిన్నరకో భర్త వస్తాడు, వచ్చిన మనిషికి ఇక్కడ ఏ పనీ కుదరదు. మా ఆయన గుంటూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవారు. క్లాసు అయిపోయినా పిల్లలు వదలకుండా వెంటబడేవారట. ఆ చరిత్ర ఇక్కడ ఎవరికీ అక్కరలేకపోయింది. నది పక్కన ఒక గిడ్డంగిలో అట్టపెట్టెల మీద అడ్రసు కాగితాలు అంటించే పనిలో చేరారు. చొక్కా జేబులో పెన్ను ఉండే చోట ఒక పెన్సిలు ఉండేది. ఏమీ అనేవారు కాదు. ఏదైనా అన్నా బాగుండేది, నాలుగు మాటలు పోట్లాడుకుని అన్నం తినేవాళ్లం. మెల్లమెల్లగా మాట్లాడటమే తగ్గించేశారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి మెట్ల వంక చూస్తూ ఉండేవారు. ఆ మెట్ల మీద ఏముందని నేను ఎప్పుడూ అడగలేదు.

మా వార్డులో ఒక పెద్ద నర్సు ఉండేది. వాళ్ల తాతలు ఐర్లండు నుంచి వచ్చినవాళ్లు. భారీ మనిషి, ఆవిడ నవ్వితే మూడు గదుల అవతలి పేషెంటు లేచి కూర్చునేవాడు. భోజనం చేసేటప్పుడు ఏదో మాటల్లో, మా ఊరి చర్చిలో నేను హార్మోనియం వాయించేదాన్నని ఆవిడకు చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది. ఒకరోజు ఆకుపచ్చ కాగితమొకటి తెచ్చి నోటీసు బోర్డుకు గుచ్చి, దాని పక్కన నన్ను నిలబెట్టింది. వాళ్ల చర్చి కింది హాల్లో శనివారం మధ్యాహ్నం ఐరిష్ సంగీత కచేరీ అట, ఆ దేశం నుంచి వస్తున్న వాయిద్యగాళ్లట, ఉదయం వాళ్లే వర్క్‌షాపులు కూడా పెడుతున్నారట. నీ హార్మోనియానికి చిన్న చెల్లెలు లాంటిది ఒకటి ఉంటుంది, వచ్చి తీరాలి, మీ ఆయన్ని కూడా తీసుకురా అని రెండు టిక్కెట్లు నా యూనిఫారం జేబులో పెట్టేసింది.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయనకు ఏమీ బోధపడలేదు. “వర్క్‌షాపంటే బస్సులు బాగుచేసే షెడ్డు గదా, కచేరీ రోజున మనకి అక్కడేం పని?” అన్నారు. నాకూ తెలియదు. విరిగిన వాయిద్యాలు తెచ్చి బాగుచేయించుకుంటారేమో అనుకున్నాను. మా దగ్గర విరిగినదీ లేదు, విరగనిదీ లేదు. అయినా పెద్ద నర్సు మాట కాదంటే సోమవారం ఆవిడ ముఖం ఎలా చూడాలో అని బయలుదేరాం.

ఆ శనివారం తెల్లవారినప్పటి నుంచి ఒకటే వాన. చీర మీద ఓవర్‌కోటు వేసుకుని, చీర అంచు తడవకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఆ చర్చి వెనక మెట్లు దిగాను. అది కతోలిక్ చర్చి. బాపట్ల దగ్గర మా మిషన్ కాంపౌండులో పాస్టరుగా ఉన్న మా నాన్న కతోలిక్ గుడి గేటు ముందు నుంచి నడవడానికి కూడా ఇష్టపడేవారు కాదు. దిగుతుంటే ఆయనే వెనక నుంచి చూస్తున్నట్టు అనిపించింది. కింద ఇంకో వింత. తలుపు పక్కన బల్ల వేసి బీరు సీసాలు పెట్టారు. ఫాదరుగారే, ఆ అంగీతోనే, చేతిలో గ్లాసు పట్టుకుని వచ్చినవాళ్లను పలకరిస్తున్నారు. గుడి కింద బీరు! మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొరపాటున ఏ పెళ్లిలోకో వచ్చామేమో అనుకుంటుండగా పెద్ద నర్సు వచ్చి నన్ను వాటేసుకుంది.

వర్క్‌షాపంటే నేర్పడమట. హాలు చుట్టూ సండే స్కూలు గదులున్నాయి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క వాయిద్యం. ఏమీ రానివాళ్లు కూడా కూర్చోవచ్చు, ఇక్కడే ఒకటి చేతికిస్తారు. నన్ను రెండో గదిలోకి తోసింది. మా ఆయన నడవాలో బెంచీ మీద కూర్చుంటానన్నారు. నడవాలో చలిగా ఉంది, ఆ చివరి గదిలో గదిని వెచ్చబెట్టే రేడియేటరు ఉంది, కనీసం అక్కడన్నా కూర్చోమని ఆయన్ని అటు పంపింది.

నా గదిలో అందరి చేతుల్లోనూ ఆరు పలకల చిన్న పెట్టెలున్నాయి. రెండు పక్కలా గుండీలు, మధ్యలో తిత్తి. నేర్పేది ఇరవై అయిదేళ్లయినా లేని ఒక అమ్మాయి. నాకూ ఒకటి ఇచ్చింది. హార్మోనియం మీద చిన్నప్పటి నుంచి చెయ్యి ఆడిన మనిషిని గదా, ఇదెంతలే అనుకున్నాను. ఒక గుండీ నొక్కి పెట్టెను మూస్తే ఒక స్వరం పలికింది. అదే గుండీ నొక్కి లాగితే ఇంకో స్వరం పలికింది. పాడైపోయిందేమో అనుకుని ఆ అమ్మాయికి చూపించాను. అది అంతేనంది. ఒకే గుండీకి లోపలికి ఒక స్వరం, బయటికి ఒక స్వరం. మా హార్మోనియంలో గాలి గాలే, స్వరం స్వరమే. గాలి ఎటు పోతున్నా మెట్టు మారదు. ఇక్కడ గాలి తిరగగానే పాటే తిరిగిపోతోంది. నేను ‘స’ అనుకున్నచోట ‘రి’ పలుకుతోంది, తిత్తి అయిపోయి మధ్యలో ఊపిరి ఆగిపోతోంది. పక్కనున్న ఎనిమిదేళ్ల పిల్ల చక్కగా వాయించేస్తోంది. కాగితం మీద స్వరాలు రాసివ్వమని ఎవరో అడిగితే, లేదు, చెవితోనే పట్టుకోవాలంది ఆ అమ్మాయి. చెవితో పట్టుకోవడం నాకు అలవాటే, చెవి పట్టుకుంటోంది కూడా, చేతులు మాత్రం వినడం లేదు. ముప్పావుగంట అలా కుస్తీ పట్టి, చెమటలు పోసి, ఆ పెట్టె ఆ అమ్మాయి ఒళ్లో పెట్టి, మా ఆయన ఏం చేస్తున్నారో చూసి వస్తానని లేచాను.

చివరి గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల పదిమందిదాకా గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఉన్నారు. ప్రతివాళ్ల తొడ మీదా ఒక గుండ్రటి చెక్క చట్రం, దానికి ఒకవైపు తోలు. నేర్పుతున్నది డెబ్బై ఏళ్ల ముసలాయన, తల మీద టోపీ తీయలేదు. వానకు నేలమాళిగంతా చెమ్మగా ఉండి ఆ తోళ్లన్నీ వదులైపోయాయి, కొడితే తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పుడొస్తోంది. ముసలాయన విసుక్కుంటున్నాడు. మా ఆయన కుర్చీలో లేరు. గోడవైపు తిరిగి, రేడియేటరు ముందు గొంతుక్కూర్చుని, ఒక చట్రాన్ని ఆ వేడికి పట్టి మెల్లగా తిప్పుతున్నారు. కొంచెం తిప్పి, వేలి గోటితో అంచు మీద ఒకసారి, మధ్యలో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. మళ్లీ తిప్పుతున్నారు. తిప్పడంలో తొందర లేదు. తోలు వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు గట్టిపడటం తలుపు దగ్గరున్న నాకు కూడా తెలుస్తోంది. గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఎవరినీ చూడటం లేదు.

ముసలాయన లేచి దగ్గరకు వచ్చి, ఇది ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతోంది, ఆ ప్రశ్న మాత్రం అర్థమైంది. మా ఆయన ఉలిక్కిపడి లేచారు. “నో, నో. ఐ డోంట్ నో ఎనీథింగ్,” అన్నారు. ముసలాయన ఒక పొట్టి పుల్ల ఆయన చేతిలో పెట్టి వాయించమన్నాడు. వాళ్లందరిలాగా ఒక్క పుల్లతో, తొడ మీద నిలబెట్టి, కూర్చుని వాయించబోయారు. కుదరలేదు. రెండుసార్లు చూసి లేచి నిలబడ్డారు. చట్రాన్ని ఎడమ రొమ్ముకు ఆనించి ముంజేత్తో అదిమారు. జేబులోంచి గిడ్డంగి పెన్సిలు తీసి ఎడమచేతి వేళ్ల మధ్య పెట్టుకున్నారు, పొట్టి పుల్ల కుడిచేతిలోకి తీసుకున్నారు. ఒక దరువు వేశారు.

ఆ దరువు నాకు తెలుసు. మా కాంపౌండులో చిన్నప్పుడు, గాలి అటు నుంచి వీచినప్పుడు, ఏ ఊళ్లోనో జాతర అనో శవం లేచిందనో అది వినిపించేది. వినిపించగానే అమ్మ కిటికీ రెక్కలు మూసేది. మూసి, మా చేత గట్టిగా కీర్తన పాడించేది. ఎందుకని మేము అడగలేదు. ఆ చప్పుడు, కిటికీ రెక్క వెనకాల ఉండవలసినది, జెర్సీ సిటీలో కతోలిక్ గుడి కింద, నా భర్త చేతుల్లోంచి వస్తోంది. పెళ్లయి నాలుగేళ్లు దాటిన మనిషి. ఆ చేతులు నాకు తెలియవు. ముఖం కూడా తెలియదు. కళ్లు మూసుకోలేదు, నవ్వలేదు, గోడమీద ఒకచోట చూపు పెట్టి పని చేసుకుంటున్నట్టు వాయిస్తున్నారు. ముసలాయన కాసేపు తల వంచుకుని విన్నాడు. తర్వాత వెళ్లి తన వాయిద్యం తెచ్చుకుని, ఆయన దరువు సందుల్లో తనది వేయడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్లు పుల్లలు ఒళ్లో పెట్టుకున్నారు. నేను తలుపు తోయలేదు. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి నడవాలో బెంచీ మీద కూర్చున్నాను. 

మధ్యాహ్నం కచేరీకి హాలు నిండిపోయింది. ఫిడేళ్లు, పిల్లనగ్రోవులు, ఉదయం నన్ను ఏడిపించిన పెట్టె. నాకు ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియలేదు. ఇక అయిపోయిందని చప్పట్లు కొట్టబోతే అది ఇంకో పాటలోకి దూకేది, సాగుతుందిలే అనుకుని చేతులు దించితే ఠక్కున ఆగిపోయేది. ముసలివాళ్లు కాళ్లతో నేల అదరగొడుతున్నారు, పసిపిల్లలు నడవాల్లో గంతులేస్తున్నారు, ఫాదరుగారు తాళం వేస్తున్నారు. ఒక పాట హుషారుగా ఉందని నేను నవ్వుతుంటే పక్కావిడ కళ్లు ఒత్తుకుంటోంది. విశ్రాంతి తర్వాత టోపీ ముసలాయన ముందుకు వచ్చి, ఉదయం నేర్చుకున్నవాళ్లను స్టేజీ మీదకు రమ్మన్నాడు. పిల్లలు పరుగెత్తారు. మా ఆయన కుర్చీలోంచి కదల్లేదు. పెద్ద నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది, ఆవిడ పట్టు ఎవరూ విడిపించుకోలేరు. స్టేజీ చివర, తెర పక్కన, పెన్సిలుతో నిలబడ్డారు. మొదట ఆయన వాయిద్యం వినిపించనే లేదు. పాట రెండోసారి తిరిగేసరికి మిగిలిన డోళ్ల కింద నుంచి అది లేచింది. ఫిడేలాయన తల తిప్పి చూసి, నవ్వి, వేగం పెంచాడు. హాలంతా పాదాలు.

పెద్ద నర్సు నా చెవిలో అరిచింది, మీ ఆయన ఇంతటివాడని ఒక్కసారన్నా చెప్పావా అని. నాకూ ఇవాళే తెలిసిందని అన్నాను. నేను హాస్యమాడానని అనుకుని విరగబడి నవ్వింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే నా చేతులూ కొట్టాయి. గర్వమే కావాలి అది. అయినా, మా కాంపౌండు వాళ్లెవరైనా ఈ హాల్లో ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను. పదివేల మైళ్ల దూరంలో ఎవరుంటారు?

తిరిగి వచ్చేటప్పుడు వాన తగ్గి, సందె వెలుగు ఇంకా ఉంది. కారు నేను డ్రైవ్ చేస్తున్నాను, ఆయనకు అప్పటికి లైసెన్సు రాలేదు. రెండు సిగ్నళ్లు దాటాక ఆయనే మొదలుపెట్టారు.

“మా నాయన డప్పు కొట్టేవాడు,” అన్నారు.

నేను వైపర్లు ఆపేశాను.

“పెళ్లిమాటలప్పుడు మీవాళ్లకి కూలి పని అని చెప్పాం. అది అబద్ధం గాదు. కూలికీ పోయేవాడు.”

రేపల్లె వైపు ఒక ఊరు వాళ్లది, ఊరికి అవతల మాదిగపల్లె. మా తాతలు కూడా అలాంటి పల్లె నుంచే వచ్చారు. మిషన్ కాంపౌండులో మూడు తరాలు గడిచాక మా ఇంట్లో ఆ మాట పలకడం మానేశారు, అంతే తేడా. ఊళ్లో చావుకీ, జాతరకీ, చాటింపుకీ కబురు వస్తే మా మామగారు వెళ్లవలసిందే. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఈయనా వెంట వెళ్లేవారట. ఎండుగడ్డి మంట వేసి తోలు కాచడం ఈయన పని, ఎంత సెగ, ఎంతసేపు అన్నది చెవే చెప్పేదట. పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసయిన వారంలో ఊళ్లోంచి మనిషి వచ్చి, నీ కొడుకు నీకంటే బాగా కొడతాడంటగా, రేపు వాణ్ణి కూడా తీసుకురా అని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం మా మామగారు గడ్డి పోగేసి మంట వేశారు. ఎప్పుడూ కాచినట్టే డప్పు సెగకు పట్టారు. పట్టి, ఇక తీయలేదు.

“తోలు పగిలిన చప్పుడు పల్లె అంతా వినబడింది,” అన్నారు ఆయన. “ఇక చేత్తో పుస్తకం తప్ప ఏదీ పట్టొద్దన్నాడు. నేను పట్టలేదు. ఇయ్యాళ దాకా.” జేబులో పెన్సిలు సర్దుకుని, “నీకు తెలిస్తే ఏమనుకుంటావో అని చెప్పలేదు,” అన్నారు.

“నేనేమనుకుంటానండీ!” అన్నాను, గబుక్కున. సిగ్నలు పచ్చగా మారి వెనక కారు హారన్ కొడుతోంది, నాకు ఏ పెడలు నొక్కాలో ఒక్క క్షణం తోచలేదు.

రెండు వారాల తర్వాత పెద్ద నర్సు ఒక నల్లటి ప్లాస్టిక్ సంచి తెచ్చి నా లాకరు ముందు పెట్టింది. ముసలాయన దేశం వెళుతూ తన వాయిద్యాల్లో ఒకటి మా ఆయనకు ఇమ్మని వదిలివెళ్లాడట. ఆ హాల్లో ప్రతి గురువారం సాయంత్రం ఆ పేట ఐరిష్ వాళ్లు పదిమంది చేరి వాయించుకునేవారు, మా ఆయన వెళ్లడం మొదలుపెట్టారు. మొదట్లో నన్నూ రమ్మనేవారు. నాకు డ్యూటీ ఉండేది, లేని రోజున ఉందని చెప్పేదాన్ని. ఆయన మాత్రం మారిపోయారు. ఇంట్లో మాటలు వచ్చాయి. ఐర్లండులో కరువు గురించీ, మన దేశంలో కరువుల గురించీ పక్కపక్కనే పెట్టి, అన్నం కలుపుతూ కలుపుతూ నాకు పాఠం చెప్పేవారు. ఆ గురువారాల్లో పరిచయమైన ఒక ఫిడేలాయన రెండేళ్ల తర్వాత ఒక చిన్న కాలేజీలో ఆయన గురించి చెప్పి, చరిత్ర క్లాసులు ఇప్పించాడు. జేబులోకి మళ్లీ పెన్ను వచ్చింది. ఇన్ని మేళ్లు జరిగాయని నాకు తెలుసు. తెలిసి కూడా చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

ఆ రోజుల్లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు చుట్టుపక్కల అంతా కలిసి పదో పదకొండో ఉండేవి. ఇప్పటిలా చర్చి లేదు. ఒక డాక్టరుగారి ఇంటి బేస్‌మెంటులో నెలకొకసారి ప్రార్థన కూటం, ఎవరో ఇండియా నుంచి మోసుకొచ్చిన హార్మోనియం నా ముందు పెట్టేవారు. డాక్టరుగారివాళ్లు అలాంటి ఏ పల్లె నుంచీ వచ్చినవాళ్లు కారు, వాళ్ల ఇంటిపేరు చెబితే మీ అందరికీ తెలుస్తుంది. మంచివాళ్లే. అందరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. కచేరీ అయిన ఏడాది డిసెంబరులో క్రిస్మస్ పాటలకు అందరం సిద్ధమవుతుండగా ఒకరోజు వంటగదిలో మా ఆయన అడిగారు.

“ఈసారి నేను కూడా కూర్చుంటా, నీ పక్కన. మెల్లగానే వాయిస్తాలే.”

నేను కూర తిప్పుతున్నాను. “మనవాళ్లలో వద్దండీ,” అన్నాను.

“ఏం?”

“అది చూస్తే ఏదో అనుకుంటారు.”

“డాక్టరుగారు ఏమన్నా అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదు. నేనే చెబుతున్నా. అక్కడ ఐరిష్ వాళ్లకి అది వాళ్ల డోలు. ఇక్కడ మనవాళ్లు చూడంగానే పేరు పెట్టేస్తారు. తెలీదా మీకు?”

ఆయన “సరే,” అన్నారు. కోపంగా అనలేదు. ప్లేట్లు తీసి బల్ల మీద పెట్టారు.

ఇంకెప్పుడూ అడగలేదు. మా ఇంట్లో దాన్ని వాయించడం కూడా నేను వినలేదు. గురువారం రాగానే నల్ల సంచి తీసుకుని వెళ్లేవారు, వచ్చి బీరువా పైన పెట్టేవారు. ఆయనకు రెండు జీవితాలు ఉన్నట్టుండేది. ఒకదానిలోకి నేను కావాలనే వెళ్లలేదు, రెండోదానిలోకి దాన్ని రానివ్వలేదు. అమ్మ కిటికీ రెక్కలు మూయడం నాకు అప్పుడప్పుడు గుర్తుకొచ్చేది. నాకు రోషం వచ్చేది, అమ్మ మీదో నా మీదో తెలిసేది కాదు. ఒక్కోసారి, ఆయన మంచికే గదా చెప్పాను, నలుగురిలో మాట పడకూడదనే గదా అని సర్దుకునేదాన్ని. అది నిజమేనా అంటే, నిజం కూడా ఉంది. ఎంత ఉందో కొలవలేను.

ఎనభైల చివర ఆ పేటలోంచి ఐరిష్ కుటుంబాలు ఒక్కొక్కటే శివార్లకు వెళ్లిపోయాయి. హాలు అమ్మేస్తున్నారని పెద్ద నర్సు చెప్పింది. ఆఖరి గురువారాల్లో ఒకరోజు, నాకు సెలవు దొరికి, చెప్పకుండా వెళ్లాను. వెనక మెట్లు దిగి, తలుపుకున్న అద్దంలోంచి చూశాను. ఏడెనిమిది మంది మిగిలారు. మా ఆయన మధ్యలో నిలబడి ఉన్నారు, చట్రం రొమ్ముకు ఆనించి. వాయించడం అప్పుడే ఆపినట్టున్నారు, ఏదో చెబుతున్నారు, చేతులు తిప్పుతూ, వాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన కూడా నోరు తెరిచి నవ్వుతున్నారు. గుంటూరు కాలేజీలో పిల్లలు వెంటబడిన మాస్టారు ఇలాగే ఉండేవారేమో. లోపలికి వెళితే ఆ నవ్వు ఉంటుందా, ఆగుతుందా? తలుపు పిడి మీద చెయ్యి వేశాను కూడా. మళ్లీ పాట మొదలైంది. అది అయ్యాక వెళదామనుకున్నాను. అది అయ్యేలోపు ఇంకో పాటలోకి మారింది. మెట్లెక్కి వచ్చేశాను.

ఆయన ఇంటికి వచ్చాక, ఇవాళ ఎలా జరిగిందండీ అని అడిగాను. అన్నాళ్లలో నేను అలా అడగడం అదే మొదటిసారి. ఆయన నా వంక ఒక నిమిషం చూసి, “మామూలే,” అన్నారు. అన్నం వడ్డించాను.

ఆయన పోయి నాలుగేళ్లయింది. వాయిద్యం మా అబ్బాయి ఇంట్లో ఉంది, వాళ్ల నాన్న ఐరిష్ సంగీతం వాయించేవాడని వాడు వచ్చినవాళ్లకు గర్వంగా చూపిస్తాడు. అంతవరకే వాడికి తెలుసు. మిగతాది ఆయన చెప్పలేదు, నేను చెప్పబోయి ప్రతిసారీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయాను.

ఇప్పుడు మనవాళ్ల సభల్లో డప్పు లేకుండా స్టేజీ మొదలవడం లేదు. పిల్లలు ఒకే రంగు బట్టలు కట్టి, తలకు గుడ్డ చుట్టి, వరసగా అడుగులు వేస్తూ కొడుతుంటే అమ్మానాన్నలు ఫోన్లు ఎత్తిపట్టుకుని వీడియో తీస్తారు. ఏ ఇంటి పిల్లలు ఏ వాయిద్యం పట్టుకున్నారో ఎవరూ చూడరు. డాక్టరుగారి మనవరాలు కూడా మొన్న ఆ వరసలో ఉంది, చాలా బాగా కొట్టింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, మనస్ఫూర్తిగానే. మంచి రోజులు వచ్చాయి, కాదనను. కాని అంత పెద్ద మార్పు ఎవరు తెచ్చారో, ఎప్పుడు వచ్చిందో, నాకు తెలియకుండానే వచ్చేసింది. ఆ వంటగదిలో నేను “సరే, కూర్చోండి” అని ఉంటే, ఆ పదకొండు కుటుంబాల్లో ఎవరైనా నిజంగా ఏమైనా అనేవారా? బహుశా ఒకరిద్దరు ముఖం చిట్లించేవారు. బహుశా ఎవరూ చిట్లించేవారు కాదు. నేను ఎవరికి భయపడ్డానో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటే, అందరూ మంచివాళ్లుగానే కనబడుతున్నారు. మరి ఆ భయం ఎవరిదో, ఇన్నేళ్లు ఎవరి ఇంట్లో ఉందో, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.